చమురు బావిలో సూక్ష్మజీవి, మన చేలో సూక్ష్మజీవి

(సత్తెనపల్లిలో జరిగిన రైతు సంఘం అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చమురు బావుల గురించి సత్తెనపల్లిలో మాట్లాడటమేమిటని కొందరికి అనిపించి ఉంటుంది. మన నేలలో పత్తి పండుతుంది, మిర్చి పండుతుంది, సాగర్ కుడి కాలువ నీళ్లొస్తే వరి పండుతుంది. చమురు మాత్రం లేదు. అయినా ఈ అంశం ఎంచుకోవడానికి కారణం ఉంది. ఏటా మన ఊళ్లలో 'బయో' అనే పేరుతో సీసాలు, ప్యాకెట్లు లెక్కలేనన్ని అమ్ముతున్నారు. లోపల కోట్ల సూక్ష్మజీవులు ఉన్నాయంటారు. అవే సూక్ష్మజీవులను చమురు కంపెనీలు కూడా కొంటున్నాయి, పెంచుతున్నాయి, బావుల్లోకి పంపుతున్నాయి. వాళ్లు ఏ పద్ధతిలో వాడతారో తెలిస్తే, మన చేత ఏ పద్ధతిలో వాడిస్తున్నారో అర్థమవుతుంది.

ముందు బావి సంగతి చూద్దాం.

చమురు బావి అనగానే భూమి లోపల చెరువులాంటిది ఉంటుందని, దాన్లో గొట్టం వేసి తోడతారని అనుకుంటాం. అలా ఉండదు. చమురు ఉండేది రాతిలో. ఇసుకరాయి, సున్నపురాయి లాంటి రాళ్లలో కంటికి కనపడనంత చిన్న సందులు ఉంటాయి. ఆ సందుల్లో చమురు, ఉప్పునీరు, గ్యాసు కలిసి ఇరుక్కొని ఉంటాయి. బావి తవ్వగానే లోపలి ఒత్తిడికి కొంత చమురు దానంతటదే పైకి తన్నుకొస్తుంది. ఒత్తిడి తగ్గాక పంపులు పెడతారు. తర్వాత పక్క బావుల్లో నుంచి నీళ్లు కొట్టి చమురును ఇటు నెడతారు. ఇంత చేసినా ప్రపంచంలో సగటున రాతిలో ఉన్న చమురులో మూడో వంతు అటూ ఇటూగా బయటికి వస్తుంది. మిగిలిన రెండు వంతులు రాతినే పట్టుకొని ఉంటాయి.

మన ప్రాంతపు మాటలో చెప్పాలంటే ఇది పత్తిగింజల మిల్లు లెక్క. గింజను మరలో వేసి ఎంత ఒత్తినా చెక్కలో కొంత నూనె మిగులుతుంది. చెయ్యి పెడితే జిడ్డు తెలుస్తుంది గాని, మళ్లీ ఒత్తితే చుక్క రాదు. ఆ మిగిలిన నూనె కోసం చెక్కను సాల్వెంట్ ప్లాంటుకు పంపుతారు. అక్కడ ఒత్తరు, ద్రావకంతో కడుగుతారు. ముసలి చమురు బావి కూడా ఒత్తేసిన చెక్క లాంటిదే. ఒత్తిడితో పని అయిపోయింది, ఇక కడగాలి. రాతిని కొండ లోపలి నుంచి తీసుకొచ్చి ప్లాంటులో కడగలేం కదా! కిలోమీటర్ల లోతులో, రాతి సందుల్లోనే కడిగేవాళ్లు కావాలి. ఆ కూలీలే సూక్ష్మజీవులు.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1926లోనే బెక్‌మన్ అనే శాస్త్రవేత్త దీన్ని ప్రస్తావించాడు. 1940లలో అమెరికాలో క్లాడ్ జోబెల్ అనే సముద్ర సూక్ష్మజీవుల శాస్త్రవేత్త ఇసుకకు పట్టుకున్న చమురును బ్యాక్టీరియా విడదీస్తుందని ప్రయోగశాలలో చూపించి, 1946లో పేటెంటు పొందాడు. 1954లో అర్కన్సాస్ రాష్ట్రంలో నిజమైన చమురు క్షేత్రంలో పరీక్షించారు. అక్కడ బ్యాక్టీరియాతో పాటు లోపలికి పంపిందేమిటో తెలుసా? మొలాసిస్. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే చెరకు మడ్డి. పనివాళ్లను దింపితే సరిపోదు, వాళ్లకు కూడు కూడా దింపాలి. ఈ మడ్డి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

లోపలికి వెళ్లాక ఆ జీవులు చేసే పనులు రకరకాలు. కొన్ని మడ్డిని పులియబెట్టి గ్యాసు వదులుతాయి. వరి మడిలో కాలు పెడితే బుడగలు వస్తాయి చూడండి, గాలి ఆడని చోట సూక్ష్మజీవులు వదిలిన గ్యాసే అది. బావిలో ఆ గ్యాసు ఒత్తిడి పెంచుతుంది, చమురులో కరిగి దాన్ని పలచన చేస్తుంది. కొన్ని ఆమ్లాలు వదులుతాయి. ఆ ఆమ్లాలు సున్నపురాయిని కరిగించి సందులను వెడల్పు చేస్తాయి. మన నల్లరేగడిలో ఫాస్ఫరస్ సంగతి కూడా ఇలాంటిదే. ఏళ్ల తరబడి వేసిన డీఏపీలోని భాస్వరం చాలా వరకు సున్నంతో కలిసి గడ్డకట్టి నేలలోనే ఉంది, పైరుకు అందట్లేదు. భాస్వరం కరిగించే బ్యాక్టీరియా, మనం పీఎస్‌బీ అంటాం, ఆమ్లాలు వదిలి దాన్ని కరిగిస్తుంది. బావిలో చమురును విడిపించే పని, చేలో భాస్వరాన్ని విడిపించే పని రెండూ ఆమ్లంతో జరిగేవే.

ఇంకో పని సబ్బు తయారీ. బ్యాసిల్లస్ సబ్‌టిలిస్ అనే బ్యాక్టీరియా సర్ఫాక్టిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. మందు కొట్టేటప్పుడు ఆకు మీద జారిపోకుండా పరుచుకోవడానికి ట్యాంకులో స్ప్రెడరు కలుపుతారు కదా, ఇదీ అలాంటిదే, కాకపోతే చాలా బలమైనది. నీటికీ చమురుకూ మధ్య పట్టును తగ్గించి, రాతికి అంటుకున్న చమురు చుక్కను ఊడదీస్తుంది. ఈ బ్యాసిల్లస్ సబ్‌టిలిస్ పేరు మీలో చాలామంది చదివే ఉంటారు. తెగుళ్ల మందు పేరుతో మన కొట్లలో అమ్మే ప్యాకెట్ల మీద అదే పేరు ఉంటుంది.

మరో జాతి సంగతి చెబితే పత్తి రైతులు ఆశ్చర్యపోతారు. పత్తి ఆకు మీద ఈనెల మధ్య కోణాకారంలో మచ్చలు వచ్చి, కొమ్మ నల్లబడే తెగులు ఉంది. బ్లాక్ ఆర్మ్ అంటాం. అది తెచ్చేది జాంథోమోనాస్ అనే కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా. మిరపలో ఆకుమచ్చ తెగులు తెచ్చేవాటిలోనూ ఈ కుటుంబం వాళ్లున్నారు. క్యాబేజీలో నల్లకుళ్లు తెచ్చే మరో బ్యాక్టీరియా కూడా వాళ్లలోదే. అది జిగురు వదులుతుంది. ఆ జిగురును అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో అలీన్ జీన్స్ అనే శాస్త్రవేత్త బృందం వెలికితీసింది. దాని పేరు జాంథన్ గమ్. ఈరోజు ఐస్‌క్రీములో, టమాటా సాసులో అదే, చమురు బావుల్లో అదే. బావిలోకి పంపే నీటికి జిగురు కలిపితే నీరు చిక్కబడి, దారి దొరికిన చోటల్లా పారిపోకుండా చమురును ముందుకు నెడుతుంది. మన పంటకు శత్రువు మరో చోట కూలీ అవుతోందన్న మాట! అది మంచిదా చెడ్డదా అన్నది అది ఎక్కడుంది, ఏం తింటోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

బావిలోనూ శత్రువులు ఉన్నారు. సల్ఫేటును వాడుకొని కుళ్లిన గుడ్ల వాసన గ్యాసు వదిలే బ్యాక్టీరియా అక్కడ ఉంటుంది. ఆ గ్యాసు విషం, గొట్టాలను తినేస్తుంది. ఆలోచన లేకుండా తిండి పంపితే పనివాళ్ల బదులు ఈ దొంగలు బలుస్తారు. అందుకే కొన్నిచోట్ల నైట్రేటు పంపి, దాన్ని తినే వేరే జాతిని పెంచి వీటిని అణిచిపెడతారు. తెలియకుండా ఏదో ఒకటి పోస్తే లాభం రాకపోవడమే కాదు, నష్టం కూడా వస్తుంది.

మన దేశంలో ఈ పని చేస్తున్నది ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ. అహ్మదాబాదులో వాళ్లకు చమురు నిక్షేపాల పరిశోధనా సంస్థ ఉంది. ఢిల్లీలోని టెరి సంస్థతో కలిసి బావుల్లో పనిచేసే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేశారు. 2007లో రెండూ కలిసి ఓఎన్‌జీసీ టెరి బయోటెక్ అనే కంపెనీ పెట్టాయి. గుజరాత్‌లో మెహసానా, అహ్మదాబాదు వైపు పాతబడ్డ చమురు క్షేత్రాలు చాలా ఉన్నాయి, ఈ పని ఎక్కువగా అటువైపు జరిగింది. నేల మీద ఒలికిన చమురును తినే బ్యాక్టీరియాను కూడా టెరి వాళ్లు తయారుచేశారు, దాన్ని ఆయిల్‌జాపర్ అంటారు.

వాళ్ల పద్ధతి ఇది. ముందు ఆ బావి నీటిని, చమురును, రాతిని తెచ్చి పరీక్ష చేస్తారు. ఉష్ణోగ్రత ఎంత, ఉప్పు ఎంత, రాతి సందులు ఎంత, చమురు ఎంత చిక్కన, ఇప్పటికే లోపల ఏ జీవులున్నాయి. భూమిలోకి పోయేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. మూడు కిలోమీటర్ల లోతులో నీళ్లు మరిగే వేడి ఉంటుంది. అక్కడ మామూలు బ్యాక్టీరియా బతకదు. అందుకని 90 డిగ్రీల వేడిలో, గాలి లేకుండా, విపరీతమైన ఒత్తిడిలో బతికే జాతులను వెతికి పట్టుకున్నారు. ఆ బావి పరిస్థితినే ప్రయోగశాలలో సృష్టించి, ఆ రాతి ముక్కలోనే ఆ బ్యాక్టీరియాను వేసి, చమురు వస్తుందో లేదో చూస్తారు. వస్తేనే బావిలోకి. బ్యాక్టీరియాను, తిండిని కలిపి పంపి, బావిని కొన్ని వారాలు మూసి ఉంచుతారు. తర్వాత తెరిచి ఎంత వస్తోందో, అందులో ఎంత నీరో, ఎంత చమురో రోజూ రాసుకుంటారు.

ఆ రాసుకునే పద్ధతిలో ఒక కిటుకు ఉంది. ముసలి బావి దిగుబడి ఎలాగూ నెలనెలా తగ్గుతుంది. కాబట్టి 'నిన్నటి కంటే ఈరోజు ఎంత' అని చూడరు. ఏమీ చేయకుండా వదిలేస్తే ఈరోజుకు ఎంతకు పడిపోయి ఉండేది, చేశాక ఎంత వస్తోంది, ఆ రెండింటి తేడా చూస్తారు. ఆ తేడాయే లాభం. మందుల ఖర్చు, బావి మూసిన రోజుల నష్టం అందులోంచి తీసేయాలి.

ఇది అన్ని చోట్లా విజయం సాధించిందని నేను చెప్పడం లేదు. కొన్ని బావుల్లో దిగుబడి పెరిగింది, కొన్నింటిలో ఏమీ కాలేదు. ప్రపంచంలో అనేక క్షేత్ర పరీక్షల గురించి శాస్త్రవేత్తలే చేసే విమర్శ ఒకటుంది. పోల్చడానికి ముట్టుకోని బావిని పక్కన ఉంచుకోలేదు, ముందు లెక్కలు సరిగా రాయలేదు, కాబట్టి పెరిగిందన్న మాటను నమ్మలేం అంటారు. కోట్లు పెట్టే కంపెనీలు కూడా ఈ ప్రశ్న ఎదుర్కొంటున్నాయి. మంచిదే, ఎదుర్కోవాలి.

మన తెలుగు నేలలో చమురు, గ్యాసు ఉన్నది కృష్ణా, గోదావరి డెల్టాలో. అక్కడ ఎక్కువగా వచ్చేది గ్యాసు. గ్యాసు బావికి ఈ బ్యాక్టీరియా పద్ధతితో పెద్ద ఉపయోగం లేదు, లోతైన బావుల్లో వేడి కూడా అడ్డం. ఆ ప్రాంతం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పకుండా వదలలేను. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి దగ్గర బావి బద్దలై అంటుకొన్న మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. తెల్లవారుజామున, ఇళ్లలో నిద్రపోతున్న జనం. కొబ్బరి తోటల కింద నుంచి పోయే ఆ సంపదలో అక్కడి రైతుకు దక్కింది భయమే. పాత బావుల నుంచి ఇంకా పిండాలని కొత్త పద్ధతులు వచ్చినప్పుడు, ఆ గొట్టాలు ఎన్నేళ్లవి, లోపల ఏం పారుతోంది, పైకొచ్చిన ఉప్పునీరు ఎటు పోతోంది అని అడిగే హక్కు ఆ నేల మీద బతికేవాళ్లకు ఉంది. సూక్ష్మజీవి ప్రకృతి సిద్ధం కాబట్టి అడగనక్కర్లేదు అంటే కుదరదు.

డీజిలు చౌక అవుతుందా అని తప్పకుండా అడుగుతారు, ముందే చెప్పేస్తాను. కాదు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. ధర తేల్చేది అంతర్జాతీయ మార్కెట్టు, దాని మీద కేంద్రం, రాష్ట్రం వేసే పన్నులు. గుజరాత్‌లో నాలుగు పాత బావులు నాలుగు బ్యారెళ్లు ఎక్కువిస్తే మీ ట్రాక్టరు దున్నకం ఖర్చు పైసా తగ్గదు.

ఇప్పుడు మన చేలోకి వద్దాం.

2021-22లో మిరపకు నల్ల తామరపురుగు వచ్చింది. పూత లోపల దూరి, తోటలకు తోటలను ఎండగొట్టింది. ఏ మందుకూ లొంగలేదు. అప్పుడు ఈ పల్నాటి పల్లెల్లో రైతు ఏం చేశాడో మీకు నేను చెప్పాలా? ఎవరు ఏ సీసా చేతిలో పెడితే అది కొట్టాడు. మూడు నాలుగు రకాలు ఒకే ట్యాంకులో కలిపి కొట్టాడు. ఆ సీసాల్లో చాలా వాటి మీద 'బయో' అని ఉంది. లోపల ఏముందో, ఎంత ఉందో చాలా వాటి మీద లేదు. షాపులో అరువు, వ్యాపారి దగ్గర అడ్వాన్సు, కౌలు ముందే చెల్లింపు. తోట పోయాక ఆ సీసా బాకీ మాత్రం మిగిలింది. కౌలు రైతుకు బిల్లు కూడా సరిగా ఇవ్వరు, ఇచ్చినా తెల్ల కాగితం మీద రాసిస్తారు.

చమురు కంపెనీ ఒక బావిలో బ్యాక్టీరియా వేసే ముందు బావిని పరీక్షిస్తుంది. మన చేలో వేసే ముందు ఎవరు పరీక్షించారు? బావి వేడికి తగ్గ జాతిని వెతుకుతుంది. మనకు అమ్మే జాతి మే నెలలో 45 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద రెండు నెలలు ఉండి, బతికి ఉందో చచ్చిందో ఎవరికి తెలుసు? బ్యాసిల్లస్ లాంటివి గింజలా గట్టి తొడుగు కట్టుకొని వేడిని కొంత ఓర్చుకుంటాయి. సూడోమోనాస్, అజోస్పైరిల్లం లాంటివి అలా ఓర్చుకోలేవు. అయినా అన్నీ ఒకే అలమరాలో, ఒకే ఎండలో ఉంటాయి.

ఇక తిండి సంగతి. ఇందాక మడ్డిని గుర్తుంచుకోమన్నాను. చమురు బావిలో కర్బనానికి కొదవలేదు, చమురంతా కర్బనమే. అక్కడ తక్కువయ్యేది నత్రజని, భాస్వరం, తేలిగ్గా తినగలిగే తిండి. అందుకని అవి పంపుతారు. మన చేలో దానికి సరిగ్గా తిరగబడి ఉంది. యూరియా బస్తాల మీద బస్తాలు పోశాం, నత్రజనికి కొదవలేదు. లేనిది కర్బనం. పశువులు పోయాయి, పెంట పోయింది. పత్తి కట్టె, మిరప కట్టె తగలబెడుతున్నాం. సేంద్రియ కర్బనం లేని నల్లరేగడిలో కోటి బ్యాక్టీరియా పోసినా అవి నాలుగు రోజుల్లో ఆకలికి చస్తాయి. కూలీలను లారీలో దింపి, అన్నం పెట్టకుండా పని చేయమన్నట్టు!

ఇదేమీ కొత్త శాస్త్రం కాదు, మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పుడో చెప్పారు. ట్రైకోడెర్మా వేరుకుళ్లుకు వాడాలంటే ప్యాకెట్టు చించి చేలో చల్లమనలేదు. రెండు కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచమన్నారు. ఆ కుప్ప మీద తెల్లగా, ఆకుపచ్చగా బూజు పాకుతుంది. అంటే పెరిగింది. అప్పుడు తేమ ఉన్న చేలో వేయమన్నారు. ఇది మనం చేసే మడ్డి పద్ధతి. చేసేవాళ్లు ఎందరు? కష్టం కాబట్టి చేయరు అనుకుంటాం గాని, అసలు కారణం వేరు. ఆ పెంట ఇప్పుడు కొనుక్కోవాలి, ట్రాక్టరు ట్రక్కు పశువుల ఎరువు ధర ఎంతో మీకే తెలుసు. సీసా అయితే అరువుకు దొరుకుతుంది, పెంట అరువుకు దొరకదు. దీన్ని రైతు బద్ధకం అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

అందరూ మోసగాళ్లే, సూక్ష్మజీవులన్నీ బూటకం అని కూడా నేను అనను. అది చమురు బావిలోనూ నిజం కాదు, చేలోనూ నిజం కాదు. కందికి, మినుముకు, వేరుశనగకు రైజోబియం సరిగా పట్టిస్తే పనిచేస్తుంది. ఆ బుడిపెలు వేరు పీకి చూస్తే కనపడతాయి, కోసి చూస్తే లోపల ఎర్రగా ఉంటాయి. ఎర్రగా ఉంటేనే పనిచేస్తున్నట్టు. అదే రైజోబియం ప్యాకెట్టు మిరపకు, పత్తికి అమ్మితే దండగ. ఆ జీవి కాపురం పప్పుజాతి వేర్లలోనే.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. జీవన ఎరువులను 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. దాని ప్రకారం రైజోబియం, అజోస్పైరిల్లం, పీఎస్‌బీ లాంటివి పొడి రూపంలో ఉంటే గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవరూపంలో ఉంటే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు బతికున్న కణాలు ఉండాలి. తయారీ తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, జాతి పేరు ఉండాలి. ట్రైకోడెర్మా, సూడోమోనాస్, బ్యాసిల్లస్ లాంటి వాటిని తెగుళ్ల మందుగా అమ్మితే అది 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కిందికి వస్తుంది, కేంద్ర బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఈ రెండింట్లోనూ పడకుండా 'పూత రాలదు, కాయ ఊరుతుంది, ఆకు మెరుస్తుంది' అని అమ్మేవాటికి చాలాకాలం అడిగేవాడే లేడు. వాటిని బయోస్టిమ్యులెంట్లు అని 2021లో చట్టంలోకి తెచ్చారు. తెచ్చి తాత్కాలిక అనుమతులు ఇచ్చారు, ఆ గడువు పొడిగిస్తూ పోయారు. చివరికి ఆ తాత్కాలిక అనుమతులు 2025 జూన్ 16తో ముగిశాయి. కేంద్రం నోటిఫై చేసినవే ఇక అమ్మాలి. అమ్ముతున్నవి అవేనా అని చూసే బాధ్యత మన మండల వ్యవసాయ అధికారిది. ఆయన ఒక్కరే, షాపులు పదులు. నమూనా తీసి ప్రయోగశాలకు పంపి, ఫలితం వచ్చేసరికి సరుకు అమ్ముడుపోయి, పంట చేతికొచ్చో రాకో సీజను అయిపోతుంది.

కాబట్టి మన సంఘం అడగాల్సిందేమిటి? చమురు కంపెనీ తన బావికి చేసుకునేదే మన చేనుకు చేయమని అడగాలి. ప్రతి మండలంలో బతికున్న కణాలు లెక్కపెట్టే వసతి ఉండాలి. అదేమీ రాకెట్టు శాస్త్రం కాదు, ఒక మైక్రోస్కోపు, కొన్ని గాజు పళ్లేలు, వేడి అదుపులో ఉండే పెట్టె, శిక్షణ ఉన్న ఒక మనిషి. షాపులో నిల్వ ఉన్న సరుకును సీజనుకు ముందే పరీక్షించాలి, అమ్మిన తర్వాత కాదు. లెక్క తక్కువ వస్తే నష్టపరిహారం కంపెనీ కట్టాలి, సరుకు వెనక్కి తీసుకుంటే చాలదు. బిల్లు సాగు చేసేవాడి పేరు మీద ఇవ్వాలి, కౌలు రైతుకు తప్పకుండా. పెంటకు, పచ్చిరొట్ట విత్తనానికి సాయం చేయాలి. జనుము, జీలుగ విత్తనాలు సమయానికి రైతు సేవా కేంద్రంలో దొరకాలి. తిండి లేకుండా బ్యాక్టీరియా ఇవ్వడం దండగ అని ఇందాకటి నుంచి చెబుతున్నాను.

ప్రభుత్వం చేసేలోగా మన చేతిలో ఉన్నది ఒకటి ఉంది. చమురు కంపెనీ ముట్టుకోని బావిని పక్కన ఉంచుకొని పోల్చినట్టు, మీరు ఏ బయో కొట్టినా నాలుగు సాళ్లు కొట్టకుండా వదిలేయండి. చేను మధ్యలో వదలండి, గట్టు పక్కన వద్దు. గట్టు పక్కన నీడ, కలుపు, పక్క చేను మందు, అన్నీ తేడా తెస్తాయి. ఆ నాలుగు సాళ్లకు నాలుగు కర్రలు పాతి గుడ్డ కట్టండి. మిగతా ఎరువులు, నీళ్లు, అన్నీ ఒకేలా పెట్టండి. కోతప్పుడు ఆ నాలుగు సాళ్ల కాయ విడిగా తూచండి, పక్కనే కొట్టిన నాలుగు సాళ్ల కాయ విడిగా తూచండి. వాన పడి ఆకు పచ్చబడితే సీసా గొప్ప అనుకొని మోసపోయేది ఈ లెక్క లేకనే. వదిలితే ఆ నాలుగు సాళ్లు పోతాయేమో అని భయం ఉంటుంది, నాకు తెలుసు. ఎకరంలో నాలుగు సాళ్లు ఎంత? ఒక సీసా ధర కంటే ఎక్కువ కాదు.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. కోతలో కాయ ఎక్కడ బాగా ఊరింది, ఎక్కడ తాలు ఎక్కువ ఉంది అన్నది మీ చేతులకు ముందు తెలుస్తుంది. ఆ నాలుగు సాళ్ల లెక్క రాసే పని మీరే పట్టండి. మగవాళ్లు షాపు ఆయనతో మొహమాటానికి తక్కువ చేసి చెబుతారు.

ఈ ఖరీఫ్‌లో ప్రతి గ్రామ శాఖ కనీసం ఐదుగురు రైతుల దగ్గర ఈ పోలిక పెట్టించాలి. సీసా లేదా ప్యాకెట్టు పారేయకుండా ఖాళీది దాచి పెట్టాలి, దాని మీద బ్యాచ్ నంబరు కనపడాలి. బిల్లు ఫోటో తీసి పెట్టుకోవాలి, బిల్లు ఇవ్వకపోతే ఆ సంగతి తేదీతో సహా రాసుకోవాలి. మట్టి పరీక్షకు నమూనా ఎలా తీయాలో మధ్యాహ్నం తరగతిలో చేసి చూపిస్తారు. గట్టు దగ్గర, పెంట కుప్ప దగ్గర, చెట్టు కింద తీయొద్దు. ఆరు అంగుళాల లోతు దాకా, ఎకరానికి ఎనిమిది పది చోట్ల తీసి కలపాలి. ఆ కాగితంలో సేంద్రియ కర్బనం అని రాసి ఉన్న గడి ముందు చూడండి. ఆ అంకె తక్కువగా ఉంటే ఆ ఏడాది బయో సీసా డబ్బు పెంటకు పెట్టండి. తూకాల కాగితాలు, ఖాళీ ప్యాకెట్లు కోతలయ్యాక మండల కమిటీకి చేర్చండి. వాటిని తీసుకొనే వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్దాం.

ఇక ప్రశ్నలు అడగండి.